మందు మానేస్తే బిడ్డకు మేలేనా?

నెల తప్పిందని తేలగానే చాలా ఇళ్లలో మొదట అటకెక్కేది మాత్రల డబ్బా. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, మూర్ఛకు ఏళ్లుగా వేసుకుంటున్నది, ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్, దిగులుతో కుంగిపోతుంటే సైకియాట్రిస్టు రాసినవి, అన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయి. ‘కడుపుతో ఉన్న పిల్లకు ఇన్ని మందులేమిటమ్మా’ అని అమ్మో అత్తగారో అంటారు. ఆమెకూ అదే సబబనిపిస్తుంది. డాక్టరును కలిసేసరికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఈ జాగ్రత్త వెనక ఉన్నది బిడ్డ మీద ప్రేమే, అందులో అనుమానం లేదు. లెక్కలో మాత్రం పెద్ద లోపం ఉంది. మందు వేసుకుంటే జరగగల నష్టాన్ని లెక్కేసుకుని, మానేస్తే జరిగే నష్టాన్ని సున్నాగా వదిలేస్తున్నాం. తల్లి రక్తపోటు అదుపు తప్పితే మాయ ద్వారా బిడ్డకు రక్తం సరిగా అందదు. తల్లికి పెద్ద ఫిట్స్ వస్తే కడుపులో బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. తల్లిలో థైరాయిడ్ హార్మోను తక్కువైతే పిండం మెదడు ఎదుగుదలకు కావలసింది దొరకదు. మందు ఆపడమూ వైద్య నిర్ణయమే. అంత పెద్ద నిర్ణయాన్ని మనం వంటింట్లో, వైద్యుడు లేకుండా, భయం మీద తీసేసుకుంటున్నాం. గర్భిణి చేతిలో చీటీ చూసినప్పుడు ‘ఈ మందు బిడ్డకు మంచిదేనా’ అని అడగడం న్యాయమే. ‘ఈ జబ్బును మందు లేకుండా వదిలేస్తే బిడ్డకు మంచిదేనా’ అన్న ప్రశ్న కూడా దానితోపాటే అడగాలి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో గ్రూనెంతాల్ కంపెనీ థాలిడొమైడ్‌ను ‘కాంటర్గాన్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఏ ప్రమాదమూ లేని నిద్రమాత్ర అని ప్రచారం చేసింది. డాక్టరు చీటీ లేకుండానే దొరికేది. గర్భిణులు నిద్ర పట్టక, వేవిళ్లు తట్టుకోలేక వేసుకున్నారు. చేతులు భుజం దగ్గరే ఆగిపోయిన పిల్లలు, కాళ్లు సరిగా ఏర్పడని పిల్లలు పుట్టడం మొదలైంది. 1961 చివర్లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఎవరికి వారుగా ఆ మాత్ర వైపు వేలు చూపారు. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు దాని బారిన పడ్డారు. అమెరికాలో మాత్రం ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ కెల్సీ, కంపెనీ ఇచ్చిన ఆధారాలు చాలవని పట్టుబట్టి అనుమతి ఆపారు. ఆ ఒక్క మనిషి పట్టుదల ఎన్ని కుటుంబాలను కాపాడిందో! ఈ ఉదంతంలో దగ్గరగా చూడాల్సింది తేదీలను. అండం ఫలదీకరణ చెందాక సుమారు 20వ రోజు నుంచి 36వ రోజు మధ్య ఆ మాత్ర వేసుకున్నవారి పిల్లలకే ఈ అవకరాలు వచ్చాయి. అంటే, నెలసరి తప్పి వారం గడిచిన దగ్గర నుంచి మూడు వారాలు దాటేవరకు. ఆ కొద్ది రోజుల్లో కూడా మొదట్లో వేసుకుంటే చెవులు, కాస్త తర్వాత చేతులు, ఇంకొన్నాళ్లకు కాళ్లు దెబ్బతిన్నాయి. ఏ అవయవం ఏర్పడే రోజున మందు చేరితే ఆ అవయవానికి హాని. జనం దీన్నుంచి ‘మందులన్నీ విషమే’ అని నేర్చుకున్నారు. వైద్యం నేర్చుకున్నది ఇంతకన్నా సూక్ష్మమైన సంగతి: ఏ మందు, ఎన్నో వారంలో, ఎంత మోతాదులో, ఏ అవసరానికి అన్నవి విడివిడిగా చూడకుండా మంచీ చెడూ చెప్పలేం.

మన చీటీల్లో మామూలుగా కనిపించే టెల్మిసార్టాన్‌నే చూడండి. బీపీకి మంచి మందు. గర్భం నాలుగో నెలలోకి వెళ్లాక మాత్రం అది బిడ్డ మూత్రపిండాల పనిని దెబ్బతీస్తుంది. ఆ దశలో ఉమ్మనీరు ఎక్కువగా బిడ్డ మూత్రం నుంచే వస్తుంది కాబట్టి ఉమ్మనీరు ఇంకిపోతుంది, దానితో ఊపిరితిత్తుల ఎదుగుదల కుంటుపడుతుంది. లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ కూడా ఈ కోవలోవే. గర్భం తెలిసిన వెంటనే వీటిని మార్చాలి. మార్చడమంటే బీపీకి మందే లేకుండా చేయడమని కాదు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. తెలియక మొదటి వారాల్లో టెల్మిసార్టాన్ వేసుకున్నంత మాత్రాన కంగారుపడి గర్భం తీయించుకోనక్కర్లేదు. మందు మార్పించుకుని, ఐదో నెలలో టిఫా స్కాన్ జాగ్రత్తగా చేయించుకోవాలి. నొప్పి మాత్రల సంగతీ ఇంతే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటాక వాడితే ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉందని 2020 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నడుం నొప్పికని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటు మనకుంది కనుక ఈ హెచ్చరిక మనకు మరీ ముఖ్యం. విచిత్రంగా, ఆ కుటుంబానికే చెందిన ఆస్పిరిన్‌ను చిన్న మోతాదులో ఇస్తే మేలు జరుగుతుంది. బీపీ ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు మూడో నెల నుంచి రోజుకు 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (బీపీ పెరిగి తల్లీబిడ్డలకు ముప్పు తెచ్చే జబ్బు), మందు వాడని వారిలో 4.3 శాతం మందికి వస్తే, వాడినవారిలో 1.6 శాతానికే వచ్చింది. ఒకే కుటుంబానికి చెందిన రెండు మందుల్లో ఒకటి కాపాడుతుంది, ఇంకొకటి కీడు చేస్తుంది. ‘నొప్పి మాత్రలు మంచివి కావట’ అని విని ఆస్పిరిన్ ఆపేసిన ఆమె, తనకు రక్షణగా ఉన్నదాన్నే వదులుకుంటుంది.

‘ఎందుకొచ్చిన గొడవ, అనుమానం ఉన్నప్పుడు దూరంగా ఉండటమే మేలు కదా’ అని ఎవరైనా అడగవచ్చు. సహేతుకమైన మాటే, కాదనను. దానికి జవాబు అమెరికాలో దొరుకుతుంది. అక్కడ 1956లో వేవిళ్లకు ‘బెండెక్టిన్’ అనే మాత్ర వచ్చింది. దానిలోని ముఖ్యమైన మందులు డాక్సిలమైన్, విటమిన్ బి6. ఒక దశలో ప్రతి నలుగురు గర్భిణుల్లో ఒకరు దాన్ని వాడారు. థాలిడొమైడ్ జ్ఞాపకం మాయని కాలం అది. పైగా దీన్ని అమ్మింది అమెరికాలోకి థాలిడొమైడ్ తేవాలని ప్రయత్నించిన మెరెల్ కంపెనీయే. అవకరంతో బిడ్డ పుట్టిన తల్లిదండ్రులు వందల సంఖ్యలో కోర్టుకెక్కారు. అధ్యయనం మీద అధ్యయనం జరిగింది, మందుకూ అవకరాలకూ సంబంధం కనబడలేదు. అయినా కోర్టు ఖర్చులు భరించలేక 1983లో కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. మాత్రే దోషి అయితే ఆ తర్వాత అమెరికాలో అవకరాలతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గాలి. తగ్గలేదు. పెరిగింది వేరొకటి: నీళ్లు కూడా నిలవనంత వాంతులతో ఆస్పత్రిలో చేరే గర్భిణుల సంఖ్య. అవే రెండు మందులున్న మాత్రను 2013లో అమెరికా మళ్లీ అనుమతించింది. ముప్పై ఏళ్ల పాటు అక్కడి ఆడవాళ్లు, పనికొచ్చే మందు ఉండి కూడా, సెలైన్ సీసాల కింద పడుకోవలసి వచ్చింది. మన దేశంలో ఇదే కలయికను వేవిళ్లకు ఇప్పటికీ మామూలుగా రాస్తున్నారు. దూరంగా ఉండటానికీ ఒక ధర ఉంటుంది. అది తల్లి చెల్లిస్తుంది కాబట్టి, చాలాసార్లు మౌనంగా చెల్లిస్తుంది కాబట్టి, లెక్కలోకి రాదు.

ఈ వ్యాజ్యాల వెనక ఉన్న దుఃఖాన్ని తక్కువ చేయలేం. కానీ ఒక నిజం తెలుసుకోవాలి. ఏ మందూ వాడని తల్లులకు పుట్టే ప్రతి నూరుమంది పిల్లల్లో కూడా ఇద్దరు ముగ్గురికి చెప్పుకోదగ్గ అవకరం ఉంటుంది. చాలాసార్లు కారణం తేలదు. లక్షలమంది వాడిన ఏ మాత్ర విషయంలోనైనా, వాడాక అవకరంతో బిడ్డ పుట్టిన తల్లులు వేలల్లో ఉంటారు. మందు వల్లే అలా జరిగిందా అనేది వాడినవారినీ వాడనివారినీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే తేలుతుంది. ‘మా చుట్టాలమ్మాయి ఈ మాత్ర వేసుకుంటే ఇలా అయింది’ అన్న మాటకు ఎంత బాధ ఉన్నా సాక్ష్యంగా అంత బలం లేదు.

మూర్ఛ విషయంలో మందు, జబ్బు రెండూ ప్రమాదకరమే కనుక తూకం ఎంత కష్టమో అక్కడ బాగా తెలుస్తుంది. వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌ను గట్టిగా అదుపు చేస్తుంది. అదే మందు గర్భంలో బిడ్డకు పెద్ద ముప్పు. నలభైకి పైగా దేశాల గర్భిణుల వివరాలు సేకరించే యురాప్ రిజిస్ట్రీ 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, తల్లి వాల్‌ప్రోయేట్ వాడిన పిల్లల్లో 10.3 శాతానికి పెద్ద అవకరాలున్నాయి. మోతాదు పెరిగేకొద్దీ అది ఇంకా పెరిగింది. ఆ పిల్లల్లో మాట, చదువు, ప్రవర్తనకు సంబంధించిన ఇబ్బందులూ ఎక్కువే. లామోట్రిజిన్ వాడిన తల్లుల పిల్లల్లో అవకరాలు 2.9 శాతం, లెవెటిరాసెటామ్ అయితే 2.8 శాతం. ఇది మందులు వాడని తల్లుల పిల్లల్లో కనిపించే స్థాయికి దగ్గరే. అంటే ‘ఫిట్స్ మందులు’ అని అన్నిటినీ ఒకే గాట కట్టడం ఎంత పొరపాటో చూడండి. ఇక మందే మానేస్తే? బ్రిటన్‌లో గర్భిణుల, బాలింతల మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించే నివేదిక ప్రకారం, మూర్ఛ ఉన్నవారిలో హఠాన్మరణాలు 2013-15తో పోలిస్తే 2016-18లో దాదాపు రెట్టింపయ్యాయి. మందుల విషయంలో వాళ్లకు అందాల్సిన సలహా అందకపోవడాన్ని ఆ నివేదిక గట్టిగా ఎత్తిచూపింది. మన దేశంలోనూ ఈ పనికి దారి చూపినవారున్నారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1998 నుంచి కేరళలో మూర్ఛ ఉన్న గర్భిణుల రిజిస్ట్రీ నడుపుతోంది. గర్భం రాకముందు నుంచి బిడ్డ పెరిగి బడికి వెళ్లేదాకా వివరాలు రాసిపెడుతోంది. ఒక రాష్ట్రంలోని ఒక ఆస్పత్రి పట్టుదలగా చేసిన ఈ పని, వేలమంది తల్లుల భయానికి అంకెలతో జవాబు చెప్పగలిగింది. ఇలాంటివి మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందుకు ఉండకూడదు?

థైరాయిడ్ దగ్గర తూకం ఇంత కష్టం కాదు, అయినా రోజూ పొరపాటు జరుగుతూనే ఉంటుంది. పిండం తన సొంత థైరాయిడ్ హార్మోను తయారు చేసుకోవడం మొదలుపెట్టేది దాదాపు 12వ వారంలో. అంతవరకు తల్లి నుంచి వచ్చేదే ఆధారం. అందుకే అప్పటికే థైరాక్సిన్ వాడుతున్న ఆమెకు గర్భం రాగానే అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఐదో వారం నుంచే మోతాదు పెంచాల్సి రావచ్చు. చాలామందికి నాలుగోవంతు నుంచి సగం వరకు ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ వారాల్లోనే ‘ఇప్పుడు మాత్రలెందుకులే’ అని ఆపేస్తే బిడ్డ మెదడుకు అందాల్సింది అందకుండా చేసినవాళ్లమవుతాం. ఇంకో చిన్న సంగతి ఉంది, ఎవరూ విడమరిచి చెప్పనిది. ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర, వెంటనే టిఫిన్‌తో ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర వేసుకుంటే ఆ రెండూ థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మధ్యలో నాలుగు గంటల ఎడం ఉండాలి. చీటీలో మూడూ ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి, ఎడం సంగతి ఉండదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గక మోతాదు పెంచుకుంటూ పోతారు. ‘సరిగ్గా వేసుకోవట్లేదా’ అని ఆమె మీదే నింద పడుతుంది.

బీపీ విషయంలో వైద్యులకే చాలాకాలం సందేహం ఉండేది. కొద్దిపాటి బీపీకి మందు ఇస్తే మాయకు రక్తప్రసరణ తగ్గి బిడ్డ బరువు పడిపోతుందేమోనని వెనకాడేవారు. 2022లో వెలువడిన ‘చాప్’ అధ్యయనం ఆ సందేహం తీర్చింది. అమెరికాలో 2,408 మంది గర్భిణులను రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి బీపీ 140/90 దాటకుండా మందు ఇచ్చారు, ఇంకో బృందానికి బాగా పెరిగితే తప్ప ఇవ్వలేదు. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, మాయ ముందే ఊడిపోవడం, వైద్య కారణాలతో 35 వారాలకు ముందే కాన్పు చేయాల్సి రావడం, బిడ్డ చనిపోవడం లాంటి కష్టాల్లో ఏదో ఒకటి ఎదురైనవారు మందు వాడిన బృందంలో 30.2 శాతం, వాడని బృందంలో 37 శాతం. బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. బీపీ ముదిరి వచ్చే గుర్రపువాతంతో బాలింతలు చనిపోయిన ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ‘నాకు తలనొప్పి కూడా లేదు, బీపీ మాత్ర ఎందుకు’ అని మానేసేవారికి ఈ అంకెలు ఏఎన్‌ఎం నోటితో చేరాలి.

ఇంత ముఖ్యమైన విషయంలో ఆధారాలు ఇంత ఆలస్యంగా ఎందుకొస్తున్నాయి? థాలిడొమైడ్ తర్వాత ప్రపంచం గర్భిణులను ఔషధ పరీక్షలకు దూరంగా పెట్టింది. 1977లో అమెరికా, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లనే తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దంది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఉద్దేశం రక్షణే. జరిగింది మాత్రం, పరీక్షలో తెలియాల్సిన సంగతి పరీక్ష బయట, ఎవరూ రాసిపెట్టుకోని చోట తెలియడం. మాత్రల పెట్టెలోని కాగితం మీద ‘గర్భిణుల్లో భద్రత నిర్ధారణ కాలేదు’ అని ఉండటం ఇందువల్లే. దాని అర్థం ప్రమాదకరమని కాదు, పరీక్షించలేదని మాత్రమే. ఏ, బి, సి, డి, ఎక్స్ అనే అక్షరాలతో మందుల్ని విభజించే పద్ధతిని తెచ్చిన అమెరికాయే, అది తప్పుదారి పట్టిస్తోందని 2015 నుంచి దాన్ని వదిలేయడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్‌లో వెతికి ‘ఇది సి కేటగిరీ అట’ అని గుండెలు బాదుకునేవారు ఇది తెలుసుకోవాలి. కోవిడ్ టీకాల విషయంలో ఈ దూరం పెట్టడం ఎంత ఖరీదైందో మనం చూశాం. టీకా తొలి పరీక్షల్లో గర్భిణులు లేరు. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు వాళ్లను పక్కన పెట్టారు. అనుమతి వచ్చింది జులై 2న. ఈ మధ్యలో వచ్చిపోయింది రెండో అల. ఆక్సిజన్ పడకల కోసం తిరిగిన నిండు చూలాళ్లను ఆ ఏప్రిల్, మే నెలల్లో చూసినవారు, ఆ ‘జాగ్రత్త’ ఎవరికి రక్షణ ఇచ్చిందని అడగకుండా ఉండలేరు.

మరి జాగ్రత్త ఎలా ఉండాలన్నదానికి బోట్స్‌వానా నుంచి వచ్చిన కథ మంచి జవాబు. హెచ్‌ఐవీకి డోలుటెగ్రవిర్ అనే మెరుగైన మందు వచ్చాక, 2018 మేలో ఒక భయం పుట్టింది. గర్భం వచ్చేనాటికే ఆ మందు మీద ఉన్న 426 మంది తల్లుల పిల్లల్లో నలుగురికి వెన్నుపాము, మెదడు సరిగా మూసుకోని అవకరం కనిపించింది. చాలా దేశాలు పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు ఈ మందు ఇవ్వడం మీద ఆంక్షలు పెట్టాయి. బోట్స్‌వానాలోని పరిశోధకులు మాత్రం ఆస్పత్రుల్లో కాన్పులను లెక్కపెట్టడం ఆపలేదు. మరుసటి ఏడాదికి 1,683 మందిలో ఐదుగురు, అంటే 0.30 శాతం. ఆ తర్వాత వేలల్లో కాన్పులు చేరాక, ఇతర మందులు వాడినవారితో తేడా లేకుండా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అందరికీ దీన్నే సిఫార్సు చేసింది. మొదటి హెచ్చరిక ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వాల్సిందే. దాన్ని పట్టుకుని లెక్క ముగించకుండా, ఓపికగా లెక్కపెడుతూ పోవడమే అసలైన జాగ్రత్త.

2025 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు గర్భిణులు పారాసిటమాల్ వేసుకోవద్దని, దానివల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని చెప్పినప్పుడు ఈ ఓపిక కనిపించలేదు. ఆ మాట ఒక్కరోజులో మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది. అంతకు ముందు ఏడాదే స్వీడన్‌లో 1995 నుంచి 2019 మధ్య పుట్టిన 24 లక్షలకు పైగా పిల్లల వివరాలతో అధ్యయనం వచ్చింది. పైపైన చూస్తే చిన్న సంబంధం కనిపించింది. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్ని, ఒకసారి మాత్ర వాడి, ఇంకోసారి వాడని కాన్పుల్ని పోల్చి చూస్తే ఆ సంబంధం మాయమైంది. అంటే తేడా మాత్రది కాదు, కుటుంబానిది. మరోపక్క గర్భం తొలి వారాల్లో తీవ్ర జ్వరానికీ వెన్నుపాము లోపాలకూ సంబంధం కనిపిస్తోంది. జ్వరంతో కాలిపోతున్న గర్భిణి పారాసిటమాల్ భయంతో మానేస్తే, లేని ముప్పుకు భయపడి ఉన్న ముప్పును నెత్తిన పెట్టుకున్నట్టే.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, అది అన్నిటికన్నా బలమైనది. ‘మా దగ్గర సమస్య మందులు మానడం కాదు, కుప్పలుగా రాయడం’ అని. నిజమే. మొదటి చెకప్‌కు వెళ్లినవారిలో చాలామంది రక్తస్రావం లేకపోయినా ప్రొజెస్టెరాన్ మాత్రలో సూదులో, టానిక్కులు, పౌడర్ డబ్బాలు మోసుకుని బయటికొస్తారు. 2019లో బ్రిటన్‌లో ‘ప్రిజమ్’ అనే అధ్యయనంలో, తొలి నెలల్లో రక్తస్రావమైన 4,153 మందిలో సగం మందికి ప్రొజెస్టెరాన్, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. బిడ్డను కన్నవారు 75 శాతం, 72 శాతం. మొత్తం మీద చూస్తే మందుదే గెలుపు అని చెప్పగలిగినంత తేడా లేదు. అంతకుముందు మూడు, అంతకు మించి గర్భస్రావాలైనవారిలో మాత్రం ఉపయోగం బాగా కనిపించింది. మరి రక్తస్రావమే లేని, ముందు ఏ గర్భస్రావమూ కాని అమ్మాయికి ఎందుకు రాస్తున్నట్టు? ఇలాంటి నిర్లక్ష్యం ఎక్కడికి తీసుకుపోతుందో చరిత్ర చెబుతుంది. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోనును గర్భస్రావం కాకుండా అని అమెరికాలో లక్షలమందికి ఇచ్చారు. అది పనిచేయదని 1953లోనే షికాగో అధ్యయనం తేల్చింది. అయినా రాస్తూనే పోయారు. 1971లో, ఆ మందు వాడిన తల్లుల ఆడపిల్లలకు వయసొచ్చాక యోనిలో అరుదైన క్యాన్సర్ వస్తోందని బయటపడింది. పనిచేయని మందుకు చిన్న ముప్పు ఉన్నా అది భరించరానిదే. కనుక అవసరం లేని మందును కొట్టేయమని అడగడం, అవసరమైన మందును ఆపవద్దనడం, రెండూ ఒకే వాదన. రెండింటికీ కొలత ఒక్కటే: ఈ మందు ఈమెకు ఏ మేలు చేస్తుంది, ఆ మేలు ఎంతవరకు రుజువైంది.

‘అయితే ఇంగ్లిష్ మందులు వద్దు, ఆకు పసరు వాడతాం’ అనేవారికి కూడా ఇదే కొలత. ప్రకృతి నుంచి వచ్చిందన్నంత మాత్రాన ఏదీ బిడ్డకు హాని చేయదనలేం. 2011-12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణులకు రక్తంలో సీసం ప్రమాదకరంగా పెరిగింది. కారణం భారత్‌లో తయారైన ఆయుర్వేద మందులని తేలింది. సీసం మాయను దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. ఆయుర్వేదాన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. సీసాలో ఏముందో రాసి ఉండని, ఎవరూ పరీక్షించని మందు, థాలిడొమైడ్ నాటి జర్మన్ మాత్రకన్నా ఎక్కువ నమ్మదగినది కాదు. మగబిడ్డ పుడతాడని రహస్యంగా ఇచ్చే పసర్లు మరీ ప్రమాదం. పరీక్షలు లేకుండా షాపులో కొని మింగే గర్భస్రావం మాత్రలదీ అదే దారి. గర్భం నిలిచిపోతే వాటిలోని మిసోప్రోస్టాల్ బిడ్డ ముఖ నరాలను, చేతులను, కాళ్లను దెబ్బతీయగలదు.

ఇక ఐరన్ మాత్ర. ఊరికే ఇస్తారు, భద్రత గురించి ఎవరికీ సందేహం లేదు, అవసరం గురించి అంతకన్నా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకున్నవారు 26 శాతమే. వేడి చేస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఆపేస్తారు. నిజంగా జరిగేది ఇంతే: మాత్ర వల్ల మలబద్ధకం, వికారం వస్తాయి, మలం నల్లబడుతుంది. ఆ మాట ముందే చెప్పి, రాత్రి పడుకునే ముందు వేసుకోమంటే చాలామంది కొనసాగిస్తారు. ప్రసవంలో రక్తం పోయినప్పుడు ప్రాణం నిలిపేది ఆ నిల్వే.

తూకం వేయడానికి సరైన సమయం గర్భం తేలిన రోజు కూడా కాదు, దానికి చాలా ముందు. మూర్ఛ ఉన్న ఆడపిల్ల విషయంలో ఇది మరీ నిజం. పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో ఆమెకు మొదటిసారి చీటీ రాసేటప్పుడే, ఈ మందు రేపు ఆమె గర్భానికి ఏం చేస్తుందో చెప్పాలి. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి, 55 ఏళ్లలోపు వారికి కొత్తగా వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా ఒప్పుకోవాలి. మన దగ్గర ఆ సంభాషణ జరగకపోవడానికి వైద్యుల తీరిక లేమి ఒక కారణమైతే, పెళ్లి మరో కారణం. హిందూ వివాహ చట్టం 1976 సవరణ నుంచి మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూసింది. 1999లో ఆ మాటను చట్టం నుంచి తొలగించారు. అయినా పెళ్లి చూపుల్లో దాన్ని దాచిపెడుతూనే ఉన్నాం. దాచిన జబ్బుకు మందునూ దాచాలి. కొత్త కోడలు అత్తారింట్లో మాత్ర మింగుతూ కనబడకూడదని మోతాదులు తప్పిస్తుంది, ఒకరోజు ఆపేస్తుంది. గర్భం వచ్చాక ఎవరితోనూ చెప్పుకోలేదు. వాల్‌ప్రోయేట్ నుంచి లామోట్రిజిన్‌కు మారాలంటే, ఒంటి మీద తీవ్రమైన దద్దుర్లు రాకుండా మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. గర్భంలో ఆ మందు రక్తంలో పలచబడుతుంది కనుక మళ్లీ పెంచుకుంటూ పోవాలి. పిండంలో వెన్నుపాము గొట్టం మాత్రం ఫలదీకరణ జరిగిన 28 రోజుల్లో మూసుకుపోతుంది. అంటే నెలసరి తప్పిన రెండు వారాలకే. మందు మార్చడానికి కావలసిన ఆ వారాలు పెళ్లికి ముందే దొరకాలి, ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా అప్పటి నుంచే మొదలవ్వాలి. అవి దొరకాలంటే అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయన్న మాట పెళ్లి మాటల్లోనే, ఆమెను చేసుకోబోయే వాడి ముందే, చెప్పగలగాలి.